తూకంలో తగ్గిందేమిటి?

నాలుగైదు నెలల్లో పది కిలోలు తగ్గిన మనిషి ఏ పెళ్ళికో వెళ్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "భలే తగ్గావే, ఏం చేశావు?" అని వయసువాళ్ళు అడుగుతారు. "అదేమిటమ్మా, అలా పీక్కుపోయావు, ఒంట్లో బాగుండటం లేదా?" అని పెద్దవాళ్ళు ఆరా తీస్తారు. ఆ రెండో మాట అన్న మేనత్తను చూసి చాలామంది విసుక్కుంటారు. విసుక్కోనక్కర్లేదు. ఆవిడ అనుమానంలో అసలు ప్రశ్న ఉంది. ఆ పది కిలోల్లో పోయిందంతా కొవ్వేనా? కండ ఎంత పోయింది?

తూకం మిషన్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. దాని మీద కనిపించే అంకెలో కొవ్వు, కండ, ఎముక, నీళ్ళు, పేగుల్లో ఉన్న నిన్నటి తిండి అన్నీ కలిసే ఉంటాయి. వ్యాయామం లేకుండా కేవలం తిండి తగ్గించి బరువు దిగినప్పుడు, స్థూలంగా చెప్పాలంటే, పోయిన ప్రతి నాలుగు కిలోల్లో ఒక కిలో దాకా కొవ్వు కానిదే ఉంటుంది. అందులో నీళ్ళు కొంత, కండ కొంత. కడుపు మరీ మాడ్చుకుంటే ఆ వాటా ఇంకా పెరుగుతుంది. బరువు తగ్గేటప్పుడు బరువులు ఎత్తమని చెప్పడానికి ముఖ్యమైన కారణం ఇదే. కేలరీలు కరిగించడం అసలు కారణమే కాదు. ముప్పావుగంట సేపు డంబెల్స్‌తో శ్రమిస్తే ఖర్చయ్యేది ఏ రెండొందల కేలరీలో. ఒక ప్లేటు పూరీ కూర తింటే అవి తిరిగొచ్చేస్తాయి. బరువు ఎంత తగ్గాలన్నది చాలావరకు కంచం దగ్గర తేలుతుంది. ఆ తగ్గేది ఎక్కడి నుంచి తగ్గాలన్నది తేల్చేది మాత్రం డంబెల్.

ఒంట్లోని కండ ఎలా పోతుందో, పోయింది ఎలా తిరిగొస్తుందో అంతకుముందెన్నడూ లేనంత శ్రద్ధగా కొలిచిన ప్రయోగం 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైంది. యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త దాన్ని నడిపాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోదని చెప్పిన 36 మంది యువకులు అందుకు ముందుకొచ్చారు. యుద్ధం ముగిశాక ఆకలితో అల్లాడుతున్న ఐరోపా జనానికి తిండి ఎలా పెడితే కోలుకుంటారో తెలుసుకోవాలంటే, ముందు ఎవరో ఒకరు పస్తులుండాలి. ఆ పని వీళ్ళు చేశారు. 24 వారాలు అర్ధాకలి. రోజుకు సుమారు 1570 కేలరీలు, అదీ ఎక్కువగా రొట్టె, బంగాళాదుంపలు, క్యాబేజీ లాంటివి. పైగా వారానికి 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్లు నడవాలి. చివరికి వాళ్ళ బరువు దాదాపు నాలుగో వంతు పడిపోయింది. కొవ్వు కరగడంతో ఆగలేదు, తొడలు, భుజాలు కూడా కరిగిపోయాయి. వారం వారం అంత నడిచినా ఆ నడక వాళ్ళ కండను నిలబెట్టలేకపోయింది.

ఈ ప్రయోగంలో అందరికీ గుర్తుండేది ఆకలి భాగం. మనకు ఎక్కువ పనికొచ్చేది దాని తరవాతి భాగం. తిండి మళ్ళీ పెంచినప్పుడు ముందు తిరిగొచ్చింది కొవ్వు. కండ వెనకబడింది. కండ పూర్తిగా పూడుకునేసరికి కొవ్వు మొదట్లో ఉన్న మోతాదును దాటిపోయింది. ప్రతి సంక్రాంతి తరవాత కడుపు కట్టుకుని ఎనిమిది కిలోలు తగ్గి, వేసవి దాటేసరికి తొమ్మిది కిలోలు పెరిగేవాళ్ళ ఒంట్లో కూడా ఇలాంటి బేరమే జరిగే ప్రమాదముంది. తగ్గేటప్పుడు కొవ్వూ కండా రెండూ పోతాయి, పెరిగేటప్పుడు కొవ్వు ముందు వచ్చి కూర్చుంటుంది. నాలుగైదు విడతలు ఇలా గడిస్తే అదే డెబ్భై కిలోల మనిషి పదేళ్ళ కింద ఉన్న డెబ్భై కిలోల మనిషి కాడు. మెట్లెక్కితే ఆయాసం, కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఆసరా.

మన దేశం వాళ్ళకు ఈ లెక్క ఇంకా దగ్గరి విషయం. పుణెలో పనిచేసే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యడ్కిన్ కలిసి 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఇద్దరి ఫొటోతో ఒక చిన్న వ్యాసం వేశారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఏ చార్టు ప్రకారం చూసినా ఇద్దరూ సన్నగా ఉన్నట్టే. కానీ ఒంట్లో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నటి కాళ్ళూ చేతులూ, వాటి మధ్య చిన్న బొజ్జ: మన ఇళ్ళల్లో ఈ ఆకారం ఎంత మామూలో వేరే చెప్పక్కర్లేదు. అసలే కండ తక్కువగా ఉన్న మనిషి తిండి మానేసి ఉన్న కండను కూడా పోగొట్టుకుంటే, తూకంలో లాభం కనిపిస్తుంది గానీ ఒంటికి నష్టమే.

ఎందుకంటే అన్నం తిన్నాక రక్తంలోకి చేరే గ్లూకోజును ఇన్సులిన్ పిలుపు మేరకు ఎక్కువగా లోపలికి తీసుకునేది కండే. ఆ గోదాం చిన్నదైతే సరుకు వీధిలో పడి ఉంటుంది, షుగర్ రిపోర్టులో కనబడుతుంది. ఇంకో విశేషం, పని చేస్తున్న కండ ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడదు. కండరం ముడుచుకున్నప్పుడు గ్లూకోజును లోపలికి తెచ్చే వాహక ప్రొటీన్లు తమంతట తామే కణం అంచుకు చేరుకుంటాయి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని మధుమేహ రోగిలో కూడా ఈ దారి తెరిచే ఉంటుంది. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. ఆ సంఖ్యను పక్కన పెట్టుకుని చూస్తే తొడ కండరాల సంగతి అందచందాల విషయంగా కనిపించదు.

ఇక్కడ ఒక అతిశయోక్తిని సరిదిద్దాలి. కండ పెరిగితే కూర్చున్నచోటే కొవ్వు కరిగిపోతుందని జిమ్ ప్రకటనలు చెబుతుంటాయి. విశ్రాంతిగా ఉన్న కిలో కండ రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు. ఏడాది కష్టపడి రెండు కిలోల కండ పెంచినా దానివల్ల రోజుకు అదనంగా ఖర్చయ్యేది 26 కేలరీలు, అంటే చెంచాడు పంచదార కాస్త మించి. కండ విలువ అక్కడ లేదు.

మరి తిండి తగ్గినప్పుడు శరీరం కండను ఎందుకు కరిగిస్తుంది? కండ స్థిరమైన వస్తువు కాదు. అందులోని ప్రొటీన్లలో రోజుకు ఒకటి నుంచి రెండు శాతం విరిగిపోతూ, ఆ స్థానంలో కొత్తవి తయారవుతూ ఉంటాయి. కడుపు నిండా తింటూ పనిచేస్తున్నన్నాళ్ళూ విరిగేదీ కట్టేదీ సమానం. తిండి తగ్గగానే కట్టే పని మందగిస్తుంది. కొత్త ప్రొటీన్ తయారుచేయడం ఖరీదైన పని కాబట్టి కణం దాన్ని వాయిదా వేస్తుంది. ఈ వాయిదాకు అడ్డుపడేవి రెండు. ఒకటి బరువు మోయడం వల్ల కండరపోగుల మీద పడే లాగుడు. ఆ లాగుడును కణం పసిగట్టి, 'ఎంటార్' అనే ప్రొటీన్ ద్వారా నిర్మాణం పని మొదలుపెట్టిస్తుంది. రెండోది, తిండిలోంచి వచ్చే అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా ల్యూసిన్. లాగుడు ఉత్తర్వు అయితే అమైనో ఆమ్లాలు సామగ్రి. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే పని సగంలో ఆగుతుంది.

ఆ ఉత్తర్వుకున్న బలం ఎంతో 1993లో అమెరికాలో జోసెఫ్ డొనెల్లీ బృందం చేసిన అధ్యయనం చెబుతుంది. ఊబకాయం ఉన్న 14 మంది స్త్రీలు మూడు నెలలు రోజుకు సుమారు 800 కేలరీలే తీసుకున్నారు. వాళ్ళలో సగం మంది బరువులు కూడా ఎత్తారు. అందరూ సగటున 16 కిలోలు తగ్గారు. మొత్తం ఒంట్లో కొవ్వు కాని భాగం రెండు గుంపుల్లోనూ ఒకే రకంగా తగ్గింది, అంటే ఇంత తీవ్రమైన పస్తును బరువులు పూర్తిగా గెలవలేదు. కానీ బరువులు ఎత్తినవాళ్ళ తొడలోంచి సూదితో తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కండరపోగులు లావెక్కాయి. అంత కరువులోనూ పని అప్పగించిన కండరం పెరిగింది. నాకు ఈ రెండు ఫలితాలూ కలిపి చదివినప్పుడే ఈ శాస్త్రం అర్థమైనట్టనిపిస్తుంది. పని చేయించిన కండను శరీరం కాపాడుకుంటుంది. అయితే కరువును మరీ తీవ్రం చేస్తే ఆ కాపాడుకోవడానికీ హద్దులుంటాయి.

సామగ్రి సంగతికి వస్తే, 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 40 మంది అధిక బరువున్న యువకులకు నాలుగు వారాలు అవసరానికన్నా 40 శాతం తక్కువ తిండి పెట్టి వారానికి ఆరు రోజులు గట్టిగా వ్యాయామం చేయించారు. సగం మందికి కిలో శరీర బరువుకు రోజుకు 1.2 గ్రాముల ప్రొటీన్, మిగతా సగానికి 2.4 గ్రాములు. మొదటి గుంపువాళ్ళకు 3.5 కిలోల కొవ్వు పోయింది, కండ ఉన్నది ఉన్నట్టుంది. రెండో గుంపువాళ్ళకు 4.8 కిలోల కొవ్వు పోయి కొవ్వు కాని భాగం 1.2 కిలోలు పెరిగింది. బరువు తగ్గుతూ కండ పెంచడం అసాధ్యమని అనేవాళ్ళకు ఇది జవాబు. అయితే వాళ్ళు కుర్రవాళ్ళు, వంట, కొలత అన్నీ ఎవరో చూసుకున్నారు. మామూలు జీవితంలో ఉన్న కండ నిలుపుకుంటూ కొవ్వు తగ్గడమే మంచి ఫలితం.

పెద్ద వయసులో నడకకూ బరువులకూ తేడా ఎంతో 2017లో ఒక అధ్యయనం కొలిచింది. అరవై అయిదు దాటిన, ఊబకాయమున్న 160 మందిలో కొందరు తిండి తగ్గించి నడక లాంటి వ్యాయామం చేశారు, కొందరు తిండి తగ్గించి బరువులు ఎత్తారు, కొందరు రెండూ చేశారు. ఆరు నెలలకు కొవ్వు కాని భాగం నడకవాళ్ళలో 5 శాతం, బరువులవాళ్ళలో 2 శాతం, రెండూ చేసినవాళ్ళలో 3 శాతం తగ్గింది. మొత్తం చురుకుదనం బాగా మెరుగైంది మాత్రం రెండూ చేసినవాళ్ళలోనే. కాబట్టి పొద్దున్నే పార్కుకు వెళ్ళేవాళ్ళు నడక మానక్కర్లేదు. వారంలో రెండు మూడు రోజులు దానికి బరువులు జోడిస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్ళందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం చేయమనే చెబుతోంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఒక వరం ఉంది. మొదటి రెండు నెలల్లో బలం పెరిగినంత వేగంగా ఆ తరవాత ఎప్పుడూ పెరగదు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమ ఆసుపత్రిలో సగటు వయసు తొంభై ఉన్న పదిమందికి డాక్టర్ మారియా ఫియాటరోన్ బృందం ఎనిమిది వారాలు కాళ్ళ బరువుల వ్యాయామం నేర్పింది. తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ మధ్య కండ పరిమాణం పెరిగింది 9 శాతమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చాలావరకు నరాల పని. ఉన్న కండరంలో ఎన్ని పోగులను ఒకేసారి పిలవాలో, ఎంత వేగంగా సంకేతాలు పంపాలో, ఎదురు లాగే కండరాన్ని ఎప్పుడు వదులుగా ఉంచాలో మెదడూ వెన్నుపామూ నేర్చుకుంటాయి. ఈ నేర్పుకు కొత్త కండ కట్టనక్కర్లేదు కాబట్టి తిండి తగ్గినా ఇది ఆగదు. అద్దంలో ఏ మార్పూ కనిపించని మొదటి నెలలో చాలామంది మానేస్తారు. సరిగ్గా అప్పుడే లోపల చాలా జరుగుతుంటుంది.

ఎంత బరువుతో మొదలుపెట్టాలి, ఎలా పెంచుకుంటూ పోవాలి అన్న ప్రశ్నకు నేడు చాలా జిమ్ముల్లో పాటించే పద్ధతి ఒక సైనికాసుపత్రిలో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో చికాగోలోని గార్డినర్ ఆసుపత్రి మోకాళ్ళు, తొడ ఎముకలు దెబ్బతిన్న సైనికులతో నిండిపోయింది. అప్పటి వైద్యం ప్రకారం వాళ్ళకు తేలికపాటి బరువులతో లెక్కలేనన్ని సార్లు కాలు ఆడించమని చెప్పేవారు. నెలల తరబడి చేసినా కాళ్ళకు బలం వచ్చేది కాదు. అక్కడ పనిచేసే యువ వైద్యుడు థామస్ డెలోర్మ్ చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో మంచాన పడి, లేచాక బరువులు ఎత్తి కోలుకున్నవాడు. ఆయన సైనికుల పాదానికి ఇనుప బూటు కట్టి, దానికి బరువు తగిలించి, పది సార్లు మాత్రమే ఎత్తగలిగేంత బరువు ఎంతో ముందు కనిపెట్టాడు. దాని ఆధారంగా వారం వారం బరువు పెంచాడు. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మొదట్లో రోజుకు ఏడు నుంచి పది సెట్లు చేయించేవాడు. 1948 నాటికి ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి మూడు సెట్లే చాలని తేల్చాడు. మొదటి సెట్టు ఆ బరువులో సగంతో, రెండోది ముప్పాతికతో, మూడోది పూర్తి బరువుతో. మన జిమ్ములో కోచ్ "మూడు సెట్లు, పదేసి" అన్నప్పుడల్లా పలుకుతున్నది ఆ డాక్టరు లెక్కే.

మన దగ్గర తాలింఖానాల్లో దండీలు, బస్కీలు అంతకన్నా ఎంతో ముందునుంచే ఉన్నాయి. అక్కడ పెంచేది ఎక్కువగా సంఖ్యను: యాభై బస్కీలు, వంద బస్కీలు. డెలోర్మ్ పెంచింది బరువును. తేలిక బరువుతో ఎక్కువ సార్లు చేసినా కండ పెరుగుతుందని తరవాతి పరిశోధనలు చెప్పాయి, కాకపోతే ఇక ఎత్తలేం అనేదాకా చేయాలి. ఆఫీసు నుంచి అలసి వచ్చి, పైగా కడుపు కాస్త ఖాళీగా ఉన్న మనిషికి వంద బస్కీల దారి కన్నా బరువు పెంచి పదితో ముగించే దారి సులువు.

దీన్ని ఒక కుర్చీతో మొదలుపెట్టవచ్చు. చేతుల్లేని గట్టి కుర్చీని వెనక్కి జరగకుండా గోడకు ఆనించండి. దాని ముందు నిలబడి పాదాలు భుజాల వెడల్పున పెట్టి, వేళ్ళు కొద్దిగా బయటికి తిప్పండి. చేతులు ముందుకు చాపి, పిరుదులు వెనక్కి నెడుతూ మూడు లెక్కపెట్టేంత సేపు తీసుకుని కిందికి దిగండి. కుర్చీ మీద కూలబడకూడదు, తగిలీ తగలగానే లేవాలి. లేచేటప్పుడు శ్వాస వదలాలి. మడమ, బొటనవేలు, చిటికెనవేలు మూడూ నేలకు అంటుకునే ఉండాలి. మోకాళ్ళు లోపలికి వాలిపోతుంటే పాదాల వేళ్ళ దిశలోకి వాటిని నెట్టాలి. మొదటి నాలుగైదు సార్లు ఏమీ అనిపించదు. ఎనిమిది దాటాక తొడల్లో వేడి పుడుతుంది. పదో పదకొండో సారికి లేచే వేగం మీ ప్రమేయం లేకుండానే తగ్గుతుంది. ఆ తగ్గడమే గుర్తు. ఇంకో రెండు మూడు సార్లు చేయగల ఓపిక మిగిలుందనగా అక్కడ ఆగాలి. పన్నెండు సార్లు చేసినా వేగం తగ్గకపోతే ఆ బరువు మీకు చాలడం లేదు. అయిదు కిలోల బియ్యం సంచిని గుండెకు హత్తుకుని చేయండి, లేదా ఒక డంబెల్‌ను రెండు చేతులతో నిలువుగా పట్టుకోండి. పన్నెండు సార్లు తేలికైనప్పుడల్లా బరువు కాస్త పెంచి మళ్ళీ ఎనిమిదికి రావాలి. రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం తప్పనిసరి. కిందటి వారం ఏం ఎత్తామో గుర్తులేకపోతే ఈ వారం పెంచడం కుదరదు.

రెండో కదలిక ఇరవై లీటర్ల వాటర్ టిన్ దగ్గర అందరికీ అవసరమైనదే. గుమ్మం దగ్గర పెట్టిన టిన్నును నడుం వంచి లాగబోయి పట్టేసిందని మూలిగేవాళ్ళు వీధికి ఒకరుంటారు. ఒక చీపురు కర్రను వెన్ను వెంబడి నిలువుగా పట్టుకుని, అది తల వెనక, వీపు మధ్య, నడుం కింది ఎముక దగ్గర మూడు చోట్లా తగిలేలా ఉంచి, మోకాళ్ళు కొద్దిగా వదులు చేసి తుంటి దగ్గర మడవండి. మూడింటిలో ఏ ఒక్కటి కర్రను వదిలినా వెన్ను వంగిందని అర్థం. ఇది వంటబట్టాక కర్ర పక్కన పెట్టి రెండు చేతుల్లో డంబెల్స్‌తో అదే చేయడం డెడ్‌లిఫ్ట్‌కు తొలిమెట్టు. వీటికి గోడకో బల్లకో చేతులు ఆనించి చేసే దండీలు, ఒక చేత్తో మంచం పట్టుకుని వంగి రెండో చేత్తో బరువును నడుం వైపు లాగడం, రెండు చేతుల్లో సమానమైన బరువులు పట్టుకుని హాల్లో నాలుగు చుట్లు నడవడం కలపండి. మొదటి రెండు వారాలు ఒక్కో సెట్టు, ఆపైన రెండు, తరవాత మూడు. వారానికి రెండు లేదా మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడుపు. అంతకన్నా పెద్ద పట్టిక కొత్తవాళ్ళకు అక్కర్లేదు. ఛాతీకి ఒక రోజు, భుజానికి ఒక రోజు అని విడగొట్టే పట్టికలు ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళకోసం పుట్టాయి.

మర్నాడు కాళ్ళు పట్టేస్తాయి. రెండో రోజు ఇంకా ఎక్కువగా ఉండి, మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. ఇది లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల అని ఇప్పటికీ చెబుతుంటారు. వ్యాయామం ఆపిన గంట లోపే అది రక్తంలోంచి తేటపడుతుంది. అలవాటు లేని కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, అంటే కుర్చీ వైపు దిగేటప్పుడు, పోగుల్లో కలిగే సూక్ష్మమైన దెబ్బ, దాని చుట్టూ వచ్చే వాపు ఈ నొప్పికి మూలం. మూడు నాలుగు రోజుల్లో పోతుంది, రెండో వారానికి సగమవుతుంది. కీలులో పొడిచినట్టు ఉండే నొప్పి, వాపుతో ఎర్రబడ్డ మోకాలు, ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకి పాకే నొప్పి మాత్రం వేరు. అప్పుడు వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బీపీ అదుపులో లేనివాళ్ళు, గిలక జారినవాళ్ళు, షుగర్ వల్ల కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్ళు మొదలుపెట్టకముందే అడగాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకు తిండి తగ్గించి బరువులు ఎత్తితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.

ఆ మొదటి వాపు తూకం మీద కూడా ఒక ఆట ఆడుతుంది. తిండి తగ్గించిన తొలివారం కిలోన్నర రెండు కిలోలు దిగిపోతాయి. అందులో ఎక్కువ భాగం కండలో, కాలేయంలో దాచిన గ్లైకోజెన్, దాంతోపాటు పట్టి ఉంచిన నీళ్ళు. ఒక గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. బరువులు మొదలుపెట్టగానే కండరాల్లో నీరు చేరి తూకం అక్కడే ఆగిపోతుంది, ఒక్కోసారి అరకిలో పెరుగుతుంది కూడా. కొవ్వు మాత్రం లోపల తగ్గుతూనే ఉంటుంది. అందుకే వారం సగటు రాసుకోవాలి, బొడ్డు దగ్గర టేపుతో నడుం కొలవాలి, పాత ప్యాంటు ఏ గుండీ దాకా పడుతుందో చూడాలి. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు. ఎనభై కిలోల మనిషికి అది నాలుగొందల నుంచి ఎనిమిదొందల గ్రాములు.

ఇక కంచం. మన తిండిలో కేలరీలలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్ దేశవ్యాప్త సర్వే చెప్పింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం ఆరోగ్యవంతులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువు తగ్గుతూ బరువులు ఎత్తేవాళ్ళకు 1.2 నుంచి 1.6 దాకా ఉంటే మేలు. డెబ్భై కిలోల మనిషికి అది 84 నుంచి 112 గ్రాములు. మామూలు రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున నాలుగు ఇడ్లీలకు ఎనిమిది గ్రాములు. మధ్యాహ్నం అన్నం, గిన్నెడు పప్పు, కూర, పెరుగు కలిపి ఇరవై. రాత్రి మళ్ళీ అదే తంతుకు ఇంకో ఇరవై. యాభై దగ్గర ఆగిపోయాం. అందులోనూ తిండి తగ్గిస్తున్నామని పప్పూ పెరుగూ తగ్గిస్తే ఇంకా పడిపోతుంది. తగ్గించాల్సింది అన్నం, నూనె. పెంచాల్సినవి పప్పు, గుడ్డు, పెరుగు, చేప.

ఇడ్లీల చోట రెండు పెసరట్లు వేస్తే పన్నెండు గ్రాములు. గుడ్డుకు ఆరు. ముప్పై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌కు పదిహేను. వంద గ్రాముల పచ్చి చికెన్‌కు ఇరవై పైనే, పనీర్‌కు పద్దెనిమిది. పప్పును పలచగా కాక గట్టిగా చేసుకుని, అన్నంలో పప్పు కలుపుకునే అలవాటును కాస్త తిరగేసి పప్పులో అన్నం కలుపుకుంటే లెక్క చాలా మారుతుంది. వేరుశెనగల్లో ప్రొటీన్ బాగానే ఉంది గానీ వంద గ్రాములకు 560 పైచిలుకు కేలరీలున్నాయి, పల్లీ చట్నీ దగ్గర చెయ్యి బిగించాలి. డబ్బా పొడులు లేకుండానే ఇదంతా సాధ్యం. కండ పెంచడానికి ప్రొటీన్ పొడులు వద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు ప్రొటీన్ పెంచకూడదు. ఆ జబ్బు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి ప్రాంతాలవాళ్ళు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టరుకు చూపించాకే మార్పులు చేసుకోవాలి.

ఈ విషయం ఎక్కువ అవసరమైంది ఆడవాళ్ళకు, ఎక్కువ జంకేదీ వాళ్ళే. బరువులు ఎత్తితే మగవాళ్ళలా కండలు తిరుగుతాయని కూతుళ్ళను ఆపే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. కండను లావుగా పెంచడంలో పెద్ద పాత్ర ఉన్న టెస్టోస్టిరాన్ హార్మోన్ స్త్రీలలో పురుషుల్లో ఉన్నదానిలో పదో వంతు కూడా ఉండదు. అదే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ పోటీలో ఒంటి బరువు హద్దు దాటితే ఆ విభాగంలో నిలబడనివ్వరు. ఏళ్ళ తరబడి బలం పెంచుకుంటూ ఒంటి బరువును గీత లోపల ఉంచుకోవడమే ఆ క్రీడాకారిణుల దినచర్య. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఇంటింటా వెయిట్ లిఫ్టర్లు ఉన్నారంటే, అందులో ఆడపిల్లల వాటా చాలా ఉంది. నెలసరి ఆగాక ఎముక వేగంగా పలచబడే స్త్రీకి బరువులు ఎముకనూ కాపాడతాయి. తిండి తగ్గించినప్పుడు ఎముక కూడా కొంత తగ్గుతుంది కాబట్టి ఈ రక్షణ రెట్టింపు అవసరం.

మూడు నాలుగు నెలలు గడిచాక ఒక దశ వస్తుంది. బియ్యం సంచి స్థానంలో పదిహేను కిలోల డంబెల్ వచ్చింది, కానీ మూడు వారాలుగా ఎత్తే బరువు పెరగడం లేదు. నిద్ర సరిగా పట్టడం లేదు, చిరాకు పెరిగింది. తిండి లోటు ఎక్కువ కాలం సాగినప్పుడు ఇది సహజం. అప్పుడు రెండు వారాలు తిండిని ఒంటి అవసరానికి సరిపడా పెంచి, బరువులు మాత్రం అలాగే కొనసాగిస్తే చాలామందికి మళ్ళీ ఊపు వస్తుంది. బలం పెరగకపోయినా ఉన్నది నిలబడితే లోటులో అదే విజయం. అనుకున్న బరువుకు చేరాక వారానికి ఒకటి రెండు రోజులు, తక్కువ సెట్లు చేసినా సాధించిన బలం చాలాకాలం నిలుస్తుంది. ఒక షరతు మాత్రం ఉంది, ఎత్తే బరువును తగ్గించకూడదు. అరవై దాటినవాళ్ళు సెట్లు మరీ తగ్గిస్తే బలం నిలిచినా కండ పరిమాణం జారిపోవచ్చు. వాళ్ళు వారానికి రెండు రోజుల కన్నా దిగకుండా చూసుకోవాలి.